పక్క పొలం నీళ్లు మన మోడల్‌లోకి ఎలా తేవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నీరు పల్లమెరుగు అంటారు. సర్వే రాయి ఎక్కడుందో మాత్రం దానికి తెలియదు. పొలంలో నీళ్లు ఎటు పారి ఎక్కడ నిలుస్తాయో కంప్యూటర్‌లో లెక్కేసి చూపే నమూనానే ఇక్కడ మోడల్ అంటున్నాను. దాన్ని తయారుచేసే డ్రెయినేజీ సాఫ్ట్‌వేర్ తెరవగానే చాలామంది తమ పొలం హద్దు గీసి, దాని మీద వాన కురిపిస్తారు. ఎగువ పొలాల నుంచి దిగే నీళ్లు అసలు లెక్కలోకే రావు. తెర మీద అంతా బాగానే ఉంటుంది, పెద్ద వాన పడ్డ రోజు పొలం మునుగుతుంది. ఈ పని మొదలుపెట్టినవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోతాయి.

నా పొలం ఒక్కటే గీసి మోడల్ చేస్తే తప్పేంటి?

చుట్టుపక్కల అన్నిటికన్నా మీ పొలమే మిట్ట మీద ఉంటే తప్పేం లేదు. అలా కాకపోతే మీరు లెక్కిస్తున్నది మీ నెత్తిన పడ్డ వానను మాత్రమే. పైనుంచి పారి వచ్చే నీళ్లు దానికి రెండింతలో మూడింతలో కూడా ఉండొచ్చు.

ఒక చిన్న లెక్క గుర్తు పెట్టుకోండి. ఒక హెక్టారు మీద 1 మి.మీ. నీళ్లంటే 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్లు. ఈ పేజీలో చాలా చోట్ల ఇదే పనికొస్తుంది.

మరి ఎంత దూరం వరకు పొలాలను కలుపుకోవాలి?

మిట్ట దాకా. మీ పొలంలో నీళ్లు బయటికి పోయే చోట నిలబడి, ఎగువకు నడుస్తూ వెళ్లండి. నీటి వాటం మీ వైపు కాకుండా అవతలి వైపుకు తిరిగే చోటు ఒకటి వస్తుంది. మోడల్ హద్దు అది. మధ్యలో ఎంతమంది పొలాలున్నాయి, ఎవరి పేరు మీద ఉన్నాయి అన్నది దీనికి సంబంధం లేని విషయం.

క్యూజీఐఎస్ లాంటి ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల మ్యాప్ ఇస్తే ఈ హద్దును అదే గీసి పెడుతుంది. కానీ చదునైన నేలలో అది గీసిన గీతను నమ్మకండి. ఒక రోడ్డు, ఒక కాలువ గట్టు, చివరికి ఒక ట్రాక్టర్ దారి కూడా హద్దును వంద మీటర్లు అటూ ఇటూ జరిపేస్తుంది. గీసింది తీసుకుని, వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఒక్కసారి నడిచి రండి. నేను చేసిన మోడల్స్‌లో ఈ నడకకు మించి ఉపయోగపడ్డ పని ఇంకోటి లేదు.

సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందు, పైనుంచి ఎన్ని నీళ్లు వస్తాయో చేత్తో లెక్కేయొచ్చా?

వేయొచ్చు, వేసి తీరాలి కూడా. చేతిలో ఒక అంకె లేకపోతే సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా తలూపాల్సి వస్తుంది.

దీనికి కర్వ్ నంబర్ పద్ధతి చాలు. అమెరికా నేల సంరక్షణ శాఖ 1950లలో తెచ్చిన పద్ధతి ఇది. నేల రకం, దాని మీదున్న పంట చూసి పట్టికలోంచి ఒక నంబర్ తీసుకుంటారు. అది 100కు దగ్గరయ్యేకొద్దీ ఎక్కువ నీళ్లు ఇంకకుండా పారిపోతాయని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎగువన 4 హెక్టార్ల పొలం. నీరు నెమ్మదిగా ఇంకే నేల, చాళ్లలో వేసిన పంట. పట్టికలో దీనికి 85 ఉంటుంది. 25,400ను 85తో భాగించి 254 తీసేస్తే సుమారు 45 మి.మీ. వస్తుంది. నేల పట్టుకోగలిగే నీటికి ఇది కొలత. ఇందులో అయిదో వంతు, అంటే 9 మి.మీ., పారకం మొదలు కాకముందే ఆకుల మీద, గుంటల్లో, నేలలో ఆగిపోతుందని ఈ పద్ధతి అనుకుంటుంది. ఇప్పుడు 80 మి.మీ. వాన పడిందనుకోండి. 80లోంచి 9 తీసేస్తే 71. దాన్ని దానితోనే గుణించి, ఆ 71కి 45 కలిపితే వచ్చే 116తో భాగిస్తే దాదాపు 43.5 మి.మీ. వస్తుంది. 4 హెక్టార్ల మీద అది సుమారు 1,740 ఘనపు మీటర్లు.

మీ పొలం ఒక హెక్టారే అయితే, దాని మీద 174 మి.మీ. నీళ్లు అదనంగా వచ్చి పడ్డట్టు. పడ్డ వాన 80. పక్కింటి నుంచి వచ్చింది 174.

అదే ఎగువ పొలం మంచి పచ్చిక బీడు అయితే నంబర్ 74కు దిగుతుంది, పారే నీళ్లు 25.5 మి.మీ.కు, అంటే దాదాపు 1,020 ఘనపు మీటర్లకు తగ్గుతాయి. అంతకుముందు నాలుగైదు రోజులుగా ముసురు పట్టి నేల నిండా నీళ్లుంటే 85 కాస్తా 94 అవుతుంది, పారేది 63 మి.మీ. దాటుతుంది. అదే పొలం, అదే 80 మి.మీ. వాన. పంటను బట్టి, ముందు పడ్డ ముసురును బట్టి వెయ్యి ఘనపు మీటర్లూ కావొచ్చు, రెండున్నర వేలూ కావొచ్చు. అందుకే ఒకే అంకెతో రిపోర్టు ఇచ్చేవాళ్లంటే నాకు కాస్త అనుమానం.

వచ్చే నీళ్లను వానలో కలిపేసి, 80కి బదులు 254 మి.మీ. వాన పడిందని ఇచ్చేస్తే పని సులువు కదా?

సులువే, కానీ తప్పు. అందరూ చేసే తప్పు కూడా ఇదే.

వాన పొలమంతా ఒకేలా పడుతుంది. పక్క పొలం నీళ్లు అలా రావు. గట్టు తక్కువగా ఉన్న ఒక మూల నుంచో, గండి పడ్డ చోటి నుంచో ఒక్క ధారగా వస్తాయి. ఆ మూల మునిగి, కొట్టుకుపోయి ఉంటుంది. ఇరవై మీటర్ల అవతల పైరు తలెత్తుకుని నిలబడి ఉంటుంది. వానలో కలిపేస్తే సాఫ్ట్‌వేర్ ఆ నీళ్లను పొలమంతా పలచగా పరిచి, ప్రతి చోటా కొంచెం కొంచెం ఇంకించేస్తుంది. నిజంగా మునిగే మూల మునగనట్టు, మునగని చోటు కాస్త తడిసినట్టు చూపిస్తుంది.

సమయం కూడా తేడా కొడుతుంది. పైనుంచి నీళ్లు వాన పడ్డ వెంటనే కాదు, కాస్త ఆలస్యంగా దిగుతాయి. అప్పటికి మీ నేల తడిసిపోయి, ఇంకించుకునే ఓపిక అయిపోయి ఉంటుంది. ఎన్ని నీళ్లు వచ్చాయన్నదాని కన్నా ఎక్కడి నుంచి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి అన్నవే పంటను ముంచేది. ఎగువ పొలాన్ని మోడల్‌లో విడిగా నిలబెట్టి, దాని నీళ్లు ఏ చోటి నుంచి దిగుతాయో ఆ చోటు చూపించాలి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మీకు కావాల్సింది ఏంటో తేల్చుకుంటే సగం తేలిపోతుంది. ఒక్కోదానికి ఒక్కో స్వభావం.

డ్రెయిన్‌మాడ్: నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వేన్ స్కాగ్స్ 1970లలో తయారుచేశారు. నేలలో పాతిన మురుగు పైపులు, వాటి మధ్య దూరం, నీటిమట్టం ఎంత త్వరగా దిగుతుంది వంటి ప్రశ్నలకు దీన్ని మించింది తక్కువ. గంటగంటకూ వాన ఇస్తే, రెండు పైపుల మధ్య సరిగ్గా నడిమిన ఉన్న ఒక మట్టి నిలువు ముక్కలో నీటి జమాఖర్చు చూస్తుంది. కానీ ఆ ముక్కకు ఇరుగుపొరుగు ఉండరు. నేల మీదుగా పక్క నుంచి నీళ్లు పారి వస్తాయన్న ఊహే దానిలో లేదు. పైపుల కోసం డ్రెయిన్‌మాడ్ వాడండి, పైనుంచి వచ్చే నీళ్లకు ఇంకోటి వాడండి.

ఈపీఏ స్విమ్ (SWMM): అమెరికా పర్యావరణ రక్షణ సంస్థది, 1971 నుంచి ఉంది, ఉచితం. పట్టణాల వాననీటి కోసం పుట్టినా పొలాలకూ బాగానే పనిచేస్తుంది. ఇందులో ఒక పరీవాహక ముక్క నుంచి వచ్చే నీళ్లను కాలువలోకే కాకుండా నేరుగా ఇంకో ముక్క మీదికి వదలొచ్చు. రిపోర్టులో ‘రన్‌ఆన్’ అని విడిగా ఒక నిలువు వరస వస్తుంది. పైవాళ్ల నుంచి మీ మీదికి ఎన్ని మి.మీ. వచ్చాయో అందులో చూడొచ్చు. ఒక లోపం: వచ్చిన నీళ్లను అది దిగువ ముక్క అంతటా సమంగా పరుస్తుంది. ఇందాక చెప్పిన సమస్యే మళ్లీ వస్తుంది. మీ పొలాన్ని ఒకే ముక్కగా కాకుండా నీళ్లు దిగే మూలను విడిగా గీస్తే చాలావరకు తీరుతుంది.

హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్: అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానిది. పెద్ద పరీవాహకాలకు మంచిది. మామూలుగా వాడే పద్ధతిలో ఎగువ ముక్క నీళ్లు నేరుగా కాలువలోకి పోతాయి, దిగువ ముక్క నేల మీద పారి ఇంకవు. పొలం నుంచి పొలానికి జారే నీళ్లకు ఇది సరిపోదు.

హెచ్‌ఈసీ-రాస్ టూడీ: పొలాలన్నిటి మీద గడులు పరిచి, గడి గడి మీదా వాన కురిపించి, నీళ్లు ఎటు పారతాయో చూపిస్తుంది. ఇదీ ఉచితమే. 2021లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి నేలలోకి ఇంకే నీళ్లను కూడా లెక్కేస్తుంది. ఏ మూల ఎంత లోతు మునుగుతుందో బొమ్మ కట్టినట్టు కనిపించాలంటే ఇదే. బదులుగా మంచి ఎత్తుల మ్యాప్ అడుగుతుంది.

నన్నడిగితే మొదట స్విమ్‌లో నాలుగైదు ముక్కలతో చిన్న మోడల్ చేసుకోండి. అది చేత్తో వేసిన లెక్కకు దగ్గరగా వచ్చాకే గడుల మోడల్ జోలికి వెళ్లండి.

స్విమ్‌లో ‘వెడల్పు’ అని అడుగుతోంది. పొలం వెడల్పే ఇవ్వాలా?

కాదు. పొలం విస్తీర్ణాన్ని, నీళ్లు నేల మీద పారే దూరంతో భాగిస్తే వచ్చేది ఇవ్వాలి. 4 హెక్టార్లంటే 40,000 చదరపు మీటర్లు. నీళ్లు 160 మీటర్లు పారి గట్టు చేరతాయంటే వెడల్పు 250 మీటర్లు. పారే దూరం పెరిగితే ఈ అంకె తగ్గుతుంది, నీళ్లు నింపాదిగా వస్తాయి. చాళ్లు వాలుకు అడ్డంగా ఉన్నాయా, వాలు వెంట ఉన్నాయా చూసి దూరం కొలవండి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాప్ సరిపోతుందా?

పరీవాహకం ఎటు వైపుందో చూడటానికి సరిపోతుంది. అంతకు మించి ఆశపడకండి.

ఉచితంగా దొరికేవాటిలో ఎక్కువ భాగం 30 మీటర్ల గడులవి. ఒక హెక్టారులో అలాంటివి పదకొండే పడతాయి. ఎస్ఆర్‌టీఎం మ్యాప్ అయితే 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసింది. అందులో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. మీ గట్టు ఎత్తు 40 సెం.మీ. ఆ మ్యాప్‌కు అది లేనట్టే. పైగా ఇన్నేళ్లలో పక్కాయన పొలం చదును చేయించి ఉంటే ఆ సంగతి దానికి తెలియదు. చెట్లు దట్టంగా ఉన్న చోట నేల ఎత్తుకు బదులు కొమ్మల ఎత్తే కొంత కలిసి వస్తుంది.

డ్రోన్ సర్వే చేయించగలిగితే మేలు. అది కూడా పంట కోసి, నేల బోసిగా ఉన్నప్పుడు. లేదంటే సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచే ఆర్‌టీకే జీపీఎస్‌తోనో, పాతకాలపు లెవెల్ యంత్రంతోనో గట్ల మీద, కాలువ అడుగున, నీళ్లు దాటే చోట్ల మాత్రం ఎత్తులు తీసుకోండి. పొలం మధ్యలో వంద చుక్కలకన్నా గట్టు మీద ఇరవై చుక్కలు విలువైనవి.

గట్లను మోడల్‌లో ఎలా చూపించాలి?

అసలు కథంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక ఉచ్చు. ఎత్తుల మ్యాప్‌ను శుభ్రం చేసే పనిముట్లలో ‘పల్లాలు పూడ్చు’ అనేది ఒకటి ఉంటుంది. నీళ్లు ఎక్కడా ఆగిపోకుండా పారాలని అది గుంటలన్నిటినీ నింపేస్తుంది. గట్ల పొలం దాని కంటికి ఒక పెద్ద గుంట. పూడ్చేస్తుంది. మీ ఎగువన ఉన్న మడులన్నీ ఒక్క నొక్కుతో చదునైపోతాయి, అవి ఆపే నీళ్లన్నీ మోడల్‌లో మీ మీదికి వచ్చేస్తాయి. నిజంగా ఆ గట్లు ఎన్ని నీళ్లు ఆపుతాయో చూడండి: 15 సెం.మీ. నీళ్లు పట్టే గట్టు చుట్టూ ఉంటే ఒక హెక్టారులో 1,500 ఘనపు మీటర్లు ఆగుతాయి. ఇందాకటి 4 హెక్టార్లకూ అలాంటి గట్లుంటే 6,000. మన 1,740 ఘనపు మీటర్లు అందులో అవలీలగా సరిపోతాయి. మీకు చుక్క కూడా రాదు.

ఎప్పటిదాకా? గట్టు తెగేదాకా. 2 మీటర్ల గండి పడి, అందులోంచి 20 సెం.మీ. లోతున నీళ్లు దూకితే సెకనుకు దాదాపు 300 లీటర్లు వస్తాయి. చుక్క రాని చోట గంటకు వెయ్యి ఘనపు మీటర్లు. గట్ల పొలాలు కొంచెం వానకు కొంచెం, ఎక్కువ వానకు ఎక్కువ నీళ్లు వదలవు. ఏమీ వదలవు, ఏమీ వదలవు, ఒక్కసారిగా అన్నీ వదులుతాయి. కాబట్టి స్విమ్‌లో అయితే ఎగువ మడిని నీళ్లు నిలవ ఉండే తొట్టిగా పెట్టి, గట్టు పైఎత్తున ఒక అలుగు గీయండి. గట్టు నిలిచినప్పుడు ఒకసారి, గండి పడ్డప్పుడు ఒకసారి, రెండు సార్లూ నడిపి చూడండి.

గడుల మోడల్‌లో వేరే చిక్కు. గట్టు ఒక గడి మధ్యలోంచి పోతే, గడికి అటూ ఇటూ ఉన్న నీళ్లను సాఫ్ట్‌వేర్ ఒకే మట్టంగా చూస్తుంది, గట్టు ఉండీ లేనట్టే అవుతుంది. హెచ్‌ఈసీ-రాస్‌లో గట్టు పైన ‘బ్రేక్‌లైన్’ గీస్తే గడుల అంచులు గట్టు వెంట సర్దుకుంటాయి. ఆ గీత గీశాక గట్టు పొడవునా దగ్గరగా చూడండి. ఒక్క గడి గీత దాటి ఉన్నా అక్కడ నీలం రంగు అవతలికి కారుతూ కనిపిస్తుంది.

ఇక ఏ మ్యాప్‌లోనూ కనిపించనివి: ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొక్కలు, గట్టు కింద ఎప్పుడో వేసి మరిచిపోయిన తూము. 8 సెం.మీ. బొక్క మీద 30 సెం.మీ. నీళ్లు నిలిస్తే సెకనుకు 7 లీటర్లు పోతాయి. మట్టం తగ్గకుండా ఉంటే రాత్రి పది గంటల్లో 260 ఘనపు మీటర్లు. పొద్దున లేచేసరికి మీ పొలంలో నీళ్లుంటాయి, గట్టు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

అంతా సరిగానే ఇచ్చాను. మోడల్‌లో నీళ్లు ఒక మూల నుంచి వస్తున్నాయి, నిజంగా ఇంకో మూల నుంచి వస్తున్నాయి. ఎందుకు?

నాకూ ఇలాగే అయింది. ఉత్తరపు గట్టు మీదుగా నీళ్లు దూకుతాయని మోడల్ చెప్పింది. పొలం వాళ్లు మాత్రం తూర్పు నుంచి వస్తున్నాయని అంటారు. వాళ్లు పొరబడ్డారనుకుని రెండు వారాలు మట్టి వివరాలు మారుస్తూ కూర్చున్నాను. తీరా వాన పడ్డ రోజు వెళ్లి చూస్తే, రెండు పొలాల మధ్య ట్రాక్టర్ దారి ఉంది. టైర్లు తొక్కి తొక్కి అది పొలాలకన్నా ఒక జానెడు కిందికి దిగిపోయింది. ఉత్తరాన దూకాల్సిన నీళ్లన్నీ ఆ చక్రాల గాడిలో పడి, బుద్ధిగా కాలువలా పారుకుంటూ తూర్పు మూలకు చేరుతున్నాయి. మోడల్‌లో ఆ గాడి లేదు. అరగంటలో గీశాను, సరిపోయింది.

దారులు, రోడ్డు పక్క గుంటలు, పశువులు నడిచే బాటలు, రోడ్డు కింది కల్వర్టులు. మొదట వీటినే అనుమానించండి.

పక్క పొలం మట్టి వివరాలు నాకెలా తెలుస్తాయి?

చాలావరకు మీ మట్టే కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. నేల సర్వే మ్యాప్ దొరికితే అదొక ఆధారం. అడిగి ఒక చేత్తో మట్టి తీసుకుని, తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా నొక్కి చూస్తే బంక ఎంతో ఇసుక ఎంతో చెప్పేయొచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది నేల పూర్తిగా తడిశాక గంటకు ఎన్ని మి.మీ. నీరు ఇంకుతుందన్నది. నీరు నేలలోకి ఇంకే వేగాన్ని లెక్కేసే గ్రీన్-ఆంప్ట్ పద్ధతికి పుస్తకాల్లో వాడే విలువలు ఇసుకకు గంటకు 118 మి.మీ. ఉంటే, బంకమట్టికి 0.3 మి.మీ. ఉంటాయి. నాలుగు వందల రెట్ల తేడా! అందుకే ఇక్కడ ఊహించి రాసిన అంకె మిగతా జాగ్రత్తలన్నిటినీ మింగేస్తుంది.

రెండు విషయాలు పుస్తకపు విలువలను తారుమారు చేస్తాయి. ఏళ్ల తరబడి ఒకే లోతున దున్నితే నాగలి కింద గట్టి పొర ఏర్పడుతుంది. పైన మట్టి గుల్లగా ఉన్నా నీళ్లు అక్కడ ఆగిపోతాయి. ఇంకోటి నల్లరేగడిలో బీటలు. ఎండిన నేలలో మొదటి వాన బీటల్లోకి గుటగుటా దిగిపోతుంది, పారేది ఏమీ ఉండదు. బీటలు మూసుకున్నాక అదే నేల సిమెంటు గచ్చులా తయారవుతుంది. మొదటి వానకు సరిపోయిన మోడల్ మూడో వానకు ఘోరంగా తప్పిందంటే కారణం సాధారణంగా ఇదే.

రోజువారీ వాన లెక్కలు చాలవా?

మొత్తం ఎన్ని నీళ్లో చూడటానికి చాలు. కాలువ ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి చాలవు.

ఒక గంటలో 40 మి.మీ. పడిందనుకోండి. అందులో 20 మి.మీ. పావుగంటలోనే పడింది. గంట లెక్కన చూస్తే తీవ్రత గంటకు 40, ఆ పావుగంటలో చూస్తే గంటకు 80. చిన్న పొలాల నుంచి నీళ్లు పది పదిహేను నిమిషాల్లోనే దిగిపోతాయి కాబట్టి ఆ పావుగంటే కాలువను పొంగిస్తుంది. పడ్డ వానలో సగం పారుతుందనుకుంటే 4 హెక్టార్ల నుంచి మొదటి లెక్కలో సెకనుకు 220 లీటర్లు, రెండో లెక్కలో 440. పావుగంట వాన వివరాలు దొరికితే అవే వాడండి.

వచ్చే నీళ్లను పక్కకు తిప్పే కాలువ సైజు మోడలే చెబుతుందా?

చెబుతుంది, గరుకుదనం సరిగ్గా ఇస్తే. అడుగు వెడల్పు అర మీటరు, నీటి లోతు 40 సెం.మీ., ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్లు పక్కకు వాలిన గట్లు, వెయ్యి మీటర్లకు 5 మీటర్ల వాటం ఉన్న మట్టి కాలువ తీసుకోండి. కొత్తగా తవ్వినప్పుడు, పలచగా గడ్డి ఉన్నప్పుడు మానింగ్ గుణకం (గరుకుదనానికి కొలత) 0.035 వేస్తే సెకనుకు 390 లీటర్లు మోస్తుంది. రెండు నెలల తర్వాత గడ్డీ కలుపూ దట్టంగా పెరిగి గుణకం 0.08 అయితే 170 లీటర్లే. కాలువ అదే, మోసేది సగం కూడా లేదు. గడ్డి పెరిగిన రోజుకు సరిపడేలా తవ్వండి, లేదా ఏటా కోయిస్తామని ముందే ఒప్పుకోండి. కలుపు కోసే మనిషి దొరకడన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

వాన లేని రోజుల్లో కూడా పొలం ఎగువ అంచున తేమ ఆరడం లేదు. ఇది కూడా పారి వచ్చే నీరేనా?

కాదు, అది ఊట. ఎగువ పొలంలో ఇంకిన నీరు లోపలి గట్టి పొర మీదుగా జారి మీ అంచున బయటపడుతోంది. నేల మీద పారే నీటి మోడల్‌లో ఇది కనిపించదు. అంచు వెంట రెండు మూడు చోట్ల రంధ్రాలున్న పైపులు నిలువుగా పాతి, వారానికోసారి లోపలి నీటిమట్టం కొలవండి. ఊటే అని తేలితే మందు వేరు. ఎగువ అంచున వాలుకు అడ్డంగా ఒక లోతైన అడ్డుకాలువ గానీ మురుగు పైపు గానీ ఆ గట్టి పొర దాకా దిగాలి. పొలం మధ్యలో ఎన్ని పైపులు వేసినా ఆ అంచు ఆరదు.

మోడల్ చెప్పింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

ఒక్క మంచి వానను పట్టుకుంటే చాలు. నీళ్లు దిగే చోట రేకుతోనో చెక్కతోనో 90 డిగ్రీల ‘వి’ ఆకారపు గంటు పెట్టండి. గంటు మొన నుంచి పైకి నీటి ఎత్తు 20 సెం.మీ. ఉంటే సెకనుకు దాదాపు 25 లీటర్లు పోతున్నట్టు. ఎత్తును గంటుకు కాస్త ఎగువన, నీళ్లు నిలకడగా ఉన్న చోట కొలవాలి. పది నిమిషాలకోసారి ఫోన్‌తో ఫొటో తీస్తే సమయం కూడా దానంతటదే నమోదవుతుంది.

అది కుదరకపోతే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. పైరు కాడల మీద మట్టి ఎంత ఎత్తుదాకా అంటిందో, చెత్త ఏ గీత దగ్గర ఆగిందో, గడ్డి ఎటు వాలి పడుకుందో చూసి రాసుకోండి. నీళ్ల సంతకాలు అవి. మోడల్ చూపించే లోతుతో పోల్చండి. ఒక వానకు సరిచేసిన మోడల్‌ను, ఏమీ మార్చకుండా ఇంకో వానకు నడిపి చూస్తేనే అది సరిచేసినట్టు లెక్క.

రిపోర్టులో ‘కంటిన్యూటీ ఎర్రర్’ అని వస్తోంది, పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. పడ్డ నీళ్లకూ, ఇంకిన, పారిన, నిలిచిన నీళ్లకూ లెక్క కుదరలేదని దానర్థం. ఒకటి రెండు శాతం అయితే వదిలేయండి. పది దాటితే ఆ ఫలితాలు చూడనే వద్దు. ముందు టైమ్ స్టెప్ (సాఫ్ట్‌వేర్ ఒక్కో లెక్కకు తీసుకునే కాలపు ముక్క) తగ్గించి మళ్లీ నడపండి.

ఇదంతా ఎందుకు, నా గట్టే ఒక అర మీటరు ఎత్తేస్తే పోదా?

మోడల్‌లో ముందు ఎత్తి చూడండి. ఎక్కువ సార్లు జరిగేది ఏంటంటే, నీళ్లు ఆ గట్టు వెంట పాకి, మీ పొలం చివర ఇంకో చోట దూకుతాయి. లేదా ఎగువ ఆయన పైరు మునుగుతుంది. లేదా పక్కనున్న మూడో మనిషి పొలంలోకి తిరుగుతాయి. సహజంగా పారే నీటికి అడ్డం కట్టడం మీద చాలా చోట్ల చట్టాలున్నాయి, అవి చోటును బట్టి మారతాయి. పని మొదలుపెట్టకముందే తెలిసినవాళ్లను అడగడం మంచిది.

ఈ మోడల్ చూపించి, తప్పు పక్కవాళ్లదేనని రుజువు చేయొచ్చా?

మోడల్ మీరు ఇచ్చిన అంకెలు చెప్పేదే చెబుతుంది. అవతలివాళ్లు వేరే కర్వ్ నంబర్ పెట్టి వేరే మోడల్ తెస్తారు. గొడవలో ఫొటోలు, తేదీలు, కొలిచిన నీటి ఎత్తులు నిలబడినంతగా మోడల్ ఒక్కటే నిలబడదు.

ఇంకో వాడకం మాత్రం బాగా పనిచేయడం చూశాను. ఇద్దరినీ ఒకే తెర ముందు కూర్చోబెట్టి, ఎగువ గట్టులో ఒక తూము వేసి, ఉమ్మడిగా చిన్న కాలువ తవ్వితే ఏమవుతుందో నడిపి చూపించడం. నీళ్లు తన పొలంలో కూడా రెండు రోజులు తక్కువ నిలుస్తాయని ఎగువ ఆయన కళ్లతో చూశాక మాట తీరు మారిపోయింది.

ఒకసారి చేసిన మోడల్ ఎన్నాళ్లు పనికొస్తుంది?

ఎగువన ఏమీ మారనంత కాలం. పక్కాయన పొలం చదును చేయించినా, పంట మార్చినా, షెడ్డు వేసినా, గట్టు తీసేసి రెండు మడులు ఒకటి చేసినా, రోడ్డు ఎత్తు పెంచినా ఆ ముక్క వరకు మళ్లీ గీయాలి. ఏటా వానలు మొదలు కాకముందు ఒకసారి మిట్ట దాకా నడిచి రండి. వెళ్లేటప్పుడు పాత మ్యాప్ ప్రింటు తీసి చేతిలో పట్టుకోండి, ఎర్ర పెన్ను మరిచిపోవద్దు.